గాలి మన వైపే వీస్తోంది

జూలై 8, మంగళవారం

ఈ నోటుబుక్కు ఆదివారం ప్రసంగాల కోసం కొన్నాను. ఇలాంటివి రాసుకుంటానని అనుకోలేదు.

మా అమ్మాయి స్నేహ నుంచి మూడు రోజులుగా మెసేజ్ లేదు. అది ఓడ ఎక్కి ఏడు నెలలైంది. రోజూ పొద్దున ఏడున్నరకల్లా ఏదో ఒకటి పంపేది. సముద్రం ఫొటో, లేకపోతే ఆ రోజు మల్లేష్ ఏం వండాడో. మల్లేష్ ఆ ఓడలో వంటమనిషి, తాండూరు వైపు వాడు. ఇరవై రెండు మందిలో తెలుగు మాట్లాడేది వీళ్లిద్దరే.

ఎర్ర సముద్రం దాటేశాం, ఇక భయం లేదు అని శనివారం రాసింది. అంటే ఇప్పుడు అరేబియా సముద్రంలో ఉండాలి. ఆషాఢంలో అక్కడ గాలి ఎక్కువ. సిగ్నల్ అందదు.

జూలై 9, బుధవారం

సిగ్నల్ లేదు. అంతే.

జూలై 10, గురువారం

అబిడ్స్ వెళ్లి వచ్చాను. స్నేహను ఓడలో చేర్పించిన ఏజెంటు ఆఫీసు పెద్ద పోస్టాఫీసుకు దగ్గర్లోని సందులో, మూడో అంతస్తులో ఉంది. అక్కడ పనిచేసే భానుతేజ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.  ఇదివరకు రెండుసార్లు వెళ్లినప్పుడు కూర్చున్నచోటి నుంచే మాట్లాడాడు.

"కూర్చోన్రి సార్. మంచినీళ్లు తాగుతరా?"

"విషయం చెప్పు."

"ఆదివారం తెల్లారుజామున ఓడకెల్లి ఒక మెసేజ్ వచ్చిందంట సార్. ఇంజన్ రూముల నిప్పంటుకుందని. గంతే. ఆ తర్వాత కాంటాక్ట్ లేదు."

"ఆదివారమా? ఇయ్యాల గురువారం!"

"కన్‌ఫర్మ్ గాకుండ ఎట్ల చెప్తం సార్? వెతుకుతున్రు. విమానం గూడ పంపిన్రంట. ఫికర్ చెయ్యకున్రి."

అబిడ్స్ నుంచి నాంపల్లి మా ఇంటికి నడిస్తే పదిహేను నిమిషాలు. ఈ రోజు ఎంతసేపు పట్టిందో, రోడ్డు ఎక్కడ దాటానో గుర్తు లేదు. స్టేషన్ ముందు ఒక ఆటో అతను తిట్టడం మాత్రం గుర్తుంది.

నా భార్య జయమ్మకు స్టెంటు వేసి రెండు నెలలు కాలేదు. షాక్ తగిలే మాట ఏదీ చెవిన పడకూడదన్నాడు డాక్టరు. చెప్పులు విడుస్తూనే అనేశాను. "ఓడల ఇంటర్నెట్ ఖరాబైందట. బాగు చేస్తున్రట."

"పిల్ల మంచిగుందా?"

"మంచిగుంది."

ఇంత తేలిగ్గా అబద్ధం చెప్పగలనని అరవై మూడేళ్లొచ్చేదాకా నాకే తెలియదు.

జూలై 11, శుక్రవారం

టీవీ వెనకాల వైరు లాగేశాను. కేబుల్ వాడు రెండు రోజుల్లో వస్తాడని చెప్పాను. పేపరు నేనే ముందు తీసి చూస్తున్నాను. ఎక్కడా ఏమీ లేదు. ఓడ కాలితే పేపర్లో వేయరా? వేయలేదంటే పెద్దది కాదన్నమాట.

ముప్ఫై నాలుగేళ్లు బడిలో సోషల్ చెప్పాను. పుట్టింది దక్కన్ రాళ్ల మధ్య, పిచ్చి మాత్రం సముద్రం. స్నేహకు తొమ్మిదేళ్లప్పుడు అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూస్తుంటే పాతకాలపు ప్రపంచ పటాల పుస్తకం ఒకటి కనిపించింది. రెండు వేల ఏళ్ల కిందట మన దేశాన్ని ఎలా గీశారో చూపించాను. కింది కొస లేదు, బల్లపరుపుగా ఉంది. పక్కన సింహళం మాత్రం ఇంతింత. "ఎందుకు తప్పు గీసిన్రు నాన్నా?" అంది. చూసి వచ్చినవాళ్లు చెప్పింది విని గీశారు, చూడని చోట ఊహించారు అన్నాను. "అయితే నేను పోయి చూసొస్త" అంది.

నవ్వాను. ఆ రోజు ఎంత సంబరపడ్డానో.

ఓడ కోర్సులో చేరతానన్నప్పుడు జయమ్మ నెల రోజులు ఏడ్చింది. ఆమెకు నచ్చజెప్పింది నేనే. సంతకం పెట్టింది నేనే.

జూలై 12, శనివారం

భానుతేజ ఫోను ఎత్తడం లేదు. నడిచి వెళ్లాను. తాళం.

జూలై 13, ఆదివారం

లైబ్రరీలో ప్రసంగం ఇచ్చాను. "సముద్రం దాటిన తొలి మనుషులు" అని ఆరు ఆదివారాలు మాట్లాడతానని ప్రహ్లాద్‌కు మార్చిలోనే ఒప్పుకున్నాను. ప్రహ్లాద్ నలభై ఏళ్ల స్నేహితుడు. అతనికీ చెప్పలేదు. మానేస్తే ఎందుకని అడుగుతాడు, చెప్తే అది నిజమైపోతుంది.

పాతిక మంది వచ్చారు. దిక్సూచి లేని రోజుల్లో ఎలా వెళ్లారో చెప్పాను. ఆషాఢ శ్రావణాల్లో నైరుతి గాలి పట్టుకుంటే ఎర్ర సముద్రం మొగ నుంచి నలభై రోజుల్లో మన ఒడ్డు. గ్రీకులు కనిపెట్టారంటారు గానీ అరబ్బులకూ మనవాళ్లకూ అది ముందే తెలుసు. పంజరంలో కాకిని తీసుకుపోయేవారు. దారి తప్పితే వదిలేవారు. నేల దగ్గరుంటే అది అటు ఎగురుతుంది, లేకపోతే తిరిగి ఓడ మీదే వాలుతుంది. నీళ్లలో పాములు కనిపిస్తే మన ఒడ్డు వచ్చినట్టు.

ఇంకొకటి కూడా చెప్పాను. ఈజిప్టు రాజు పంపగా ఫినీషియన్ నావికులు మూడేళ్లు ఆఫ్రికా చుట్టి వచ్చారట. పడమరకు పోతుంటే సూర్యుడు మా కుడిచేతి వైపు ఉన్నాడని చెప్పారట. అది రాసిపెట్టిన చరిత్రకారుడు ఈ ఒక్క ముక్క నేను నమ్మను అన్నాడు. భూమధ్యరేఖ దాటి కిందికి పోతే సూర్యుడు అటే ఉంటాడు. ఆయన నమ్మనన్న ముక్కే వాళ్లు నిజంగా వెళ్లారనడానికి సాక్ష్యం. అందరూ చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలోంచి ఒకాయన లేచాడు. "తిరిగొచ్చినోళ్లు చెప్పింది మీరు చెప్పిన్రు. తిరిగి రానోళ్లు గూడ ఉంటరు గద సార్? వాళ్లిండ్లల్ల ఎవ్వలు చెప్పేది?"

 దాని గురించి ఎవరూ రాయలేదని చెప్పి కూర్చున్నాను. గ్లాసు ఎత్తబోతే నీళ్లు చొక్కా మీద ఒలికాయి.

జూలై 14, సోమవారం

ఇక దాచలేకపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పదకొండు గంటలకు ఎవరో మెట్లెక్కుతున్న చప్పుడు. యాభై దాటిన ఆవిడ, చేతిలో గుడ్డసంచి, చెప్పుల నిండా తెల్లటి రాతిపొడి. "వామన్‌రావు సారు ఇల్లు గిదేనా?"

"ఔ, నేనే."

"మాది తాండూరు దగ్గర సారూ. నా పేరు శంకరమ్మ. మల్లేష్ తల్లిని. గా ఓడల మన ఆడివిల్ల ఉన్నది, వాళ్ల నాయిన నాంపల్లిల సదువు జెప్పే సారని మావోడు జెప్పిండు. ఇల్లు అడుగుకుంట వచ్చిన. మొన్న ఎవలో ఫోను జేసి..." గుక్క తిప్పుకుంది. "ఓడ కాలిపోయిందంట సారూ. నిజమేనా?"

నెమ్మదిగా మాట్లాడమని చెయ్యి ఎత్తాను. ఆలస్యమైంది. వంటింటి గడప దగ్గర జయమ్మ నిలబడి ఉంది.

నేను పరుగెత్తి పట్టుకోబోయాను. ఆమె పడలేదు. గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. నన్ను కాదు, శంకరమ్మను అడిగింది.

"ఎన్నొద్దులైంది?"

"పోయిన ఐతారం అంటున్రు అక్కా."

"ఎనిమిది రోజులు" అంది జయమ్మ. అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపు రాయలేను.

శంకరమ్మ భర్త బిచ్చయ్య రాతి గనిలో పనిచేసేవాడట. కాలు విరిగి మంచాన ఉన్నాడు. అందుకని ఒక్కతే రైలెక్కి వచ్చింది. "మీరు సదువుకున్నోళ్లు. మావోడు ఏడ ఉన్నడో జర సూపెట్టున్రి సారూ."

అట్లాసు తీశాను. వేలు పెట్టి చూపించాను. ఆమె పటం మీదికి వంగింది.

"గీడ ఊరు లేదా?"

"లేదు."

"ఒక్క ఊరు గూడ లేదా?"

"నీళ్లే శంకరమ్మా."

తాండూరు ఎక్కడో అడిగింది. అక్కడ బొటనవేలు ఆనించి, చిటికెనవేలు నా వేలి దాకా చాపింది. "జానెడే ఉన్నది గద సారూ" అంది. ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా ఉండాలని ఏదో ఒకటి మాట్లాడాను. ఇప్పుడు నైరుతి గాలి, పడవలో దిగి ఉంటే గాలి మన వైపే తోస్తుంది, పాతకాలం ఓడలన్నీ ఈ నెలలో ఈ గాలితోనే మన దేశం వచ్చాయి అన్నాను.

"గాలి మన దిక్కే కొడ్తదా?"

"ఔ. మన వైపే."

ఆమె కిటికీ దాకా వెళ్లి చెయ్యి బయటికి చాపి చూసింది.

ఏ కబురైనా ముందు మా ఇంటికే వస్తుందని జయమ్మ ఆమెను వెళ్లనివ్వలేదు.

జూలై 15, మంగళవారం

జయమ్మ పొద్దున మాట్లాడింది. శంకరమ్మ బట్టలు ఉతుకుతోంది.

"నా గుండె కోసం దాచిన అంటున్రు. మీ కోసం దాచిన్రు. నేను ఏడుస్తే చూడలేరని దాచిన్రు."

కాదనలేదు.

"నా బిడ్డ ఎట్లుందో తెల్వకుండ నేను ఎనిమిది రోజులు కమ్మగ తిన్న. మొన్న పచ్చిపులుసు గూడ చేసుకున్న. గది నాకు ఎన్నడు పోతది?" చెయ్యి చాపి, "ఇగ మీదట నా దగ్గర ఏం దాయనని నా మీద ఒట్టేయున్రి" అంది.

వేశాను. ఆమె అరచెయ్యి చల్లగా ఉంది.

జూలై 16, బుధవారం

బతికి ఉంది. స్నేహ బతికి ఉంది.

సాయంత్రం నాలుగున్నరకు ఏదో పొడుగాటి నంబరు. ఎత్తగానే "నాన్నా" అంది. గొంతు గుర్తుపట్టలేదు, బొంగురుపోయింది. పది రోజులు లైఫ్‌బోట్‌లో ఉన్నారట. నిన్న ఒక సరుకుల ఓడ చూసి ఎక్కించుకుందట. పదమూడు మంది.

జయమ్మ ఫోను లాక్కుని ముద్దులు పెట్టుకుంది. నేను మళ్లీ తీసుకుని, మెల్లగా, "మల్లేష్?" అన్నాను.

 స్నేహ ఊపిరి వినిపించింది. తర్వాత "లేడు నాన్నా. పడవ ఎక్కలేదు" అంది.

శంకరమ్మ తడి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. "మావోడు పక్కన్నే ఉన్నడా సారూ? జర ఇయ్యున్రి."

"లైన్ కట్ అయింది" అన్నాను.

ఒట్టు వేసి ఒక రోజే అయింది. జయమ్మ నా ముఖం చూసింది, అర్థమైపోయింది. శంకరమ్మ మాత్రం నవ్వుతూ జయమ్మను కౌగిలించుకుంది. నీ బిడ్డ దొరికింది, నా కొడుకు గూడ దొరికినట్టే అక్కా అంది.

జూలై 17, గురువారం

"మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా?" అంది జయమ్మ, కాఫీ ఇస్తూ.

శంకరమ్మ కింద కూర్చుని బియ్యం ఏరుతోంది. ఎదురుగా నేనూ కింద కూర్చున్నాను.  "శంకరమ్మా, నిన్న లైన్ కట్ కాలేదు. నేను అబద్ధం చెప్పిన. పదమూడు మంది దొరికిన్రు. మల్లేష్ అండ్ల లేడు. పడవ ఎక్కలేదట."

ఆమె చేటలో వేళ్లు అలాగే కదులుతున్నాయి. రాయి ఒకటి ఏరి పక్కన పెట్టింది. ఇంకొకటి. చాలాసేపటికి తలెత్తింది.

"ఎక్కలేదా సారూ, ఎక్కనియ్యలేదా?"

నాకు తెలియదన్నాను. ఆ మాట మాత్రం నిజం.

"మీ బిడ్డకు ఎర్కుంటది" అంది. మధ్యాహ్నం బండికి తాండూరు వెళ్లిపోయింది.

జూలై 20, ఆదివారం

బోనాలు. పొద్దుట్నుంచి డప్పులు. ప్రసంగానికి వెళ్లలేదు. ప్రహ్లాద్‌కు అంతా చెప్పాను. అతను సాయంత్రం దాకా నా పక్కన కూర్చున్నాడు.

ఎక్కనియ్యలేదా అన్నది చెవిలోంచి పోవడం లేదు.

జూలై 27, ఆదివారం

స్నేహ వచ్చింది. సగమైపోయింది. పెదాలు పగిలి నల్లబడ్డాయి. తలుపు వేయనివ్వదు. గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది. కుక్కర్ కూత వేస్తే లేచి నిలబడింది.

నేను పిచ్చివాణ్ని. పది రోజులుగా మనసులో ఒకటి అనుకుంటున్నాను, చిన్నప్పుడు డాబా మీద నేర్పిన చుక్కలు దానికి అక్కరకొచ్చి ఉంటాయని. అడిగేశాను.

"ఎక్కడి చుక్కలు నాన్నా. పది రోజులు మబ్బే. పడవ తలుపులు బిగించుకుని ఒకళ్ల మీద ఒకళ్లం కక్కుకున్నం. ఎటు పోతున్నమో ఎవ్వరికి తెల్వదు. గాలి నూకింది, పోయినం."



జూలై 29, మంగళవారం

శంకరమ్మ వచ్చింది. స్నేహ వచ్చిందని జయమ్మే ఫోన్ చేసి చెప్పింది. స్నేహ ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. మేమిద్దరం గోడ దగ్గర నిలబడ్డాం.

మల్లేష్ గురించి చెప్పింది. నిప్పు గంట మోగగానే అందరి తలుపులూ బాదుతూ లేపింది అతనేనట. స్నేహను చెయ్యి పట్టుకుని డెక్కు మీదికి లాక్కొచ్చి పడవలోకి తోశాడట. ఒక ఇంజనీరు కింద ఉండిపోయాడని మళ్లీ లోపలికి వెళ్లాడట.

శంకరమ్మ అంతా విని అదే అడిగింది. "ఎక్కలేదా బిడ్డా, ఎక్కనియ్యలేదా?"

"పిలిచినమమ్మా. అందరం పిలిచినం. పొగ తప్ప ఏం కనవడలే. ఆఖరు దాక ఆగినం."

శంకరమ్మ కళ్లు మూసుకుంది. స్నేహ తల నిమిరి మెటికలు విరిచింది. స్టేషన్లో మేం సాగనంపుతుంటే భర్తకు ఫోన్ చేసి గట్టిగా చెబుతోంది. "పిలిచిన్రట. ఆఖరు దాక ఆగిన్రట. మనోడే లోపటికి పోయిండట." ప్లాట్‌ఫాం మీద జనం తిరిగి చూస్తున్నారు. ఆమెకు పట్టలేదు.

తిరిగి వస్తుంటే స్టేషన్ రోడ్డు మీద స్నేహ ఆగిపోయింది.

"కనవడ్డడు నాన్నా."

"ఎవరు?"

"మల్లేషన్న. పొగలకెల్లి బయటికొచ్చిండు. చెయ్యి ఊపిండు." రోడ్డు అవతల ఫుట్‌పాత్ వైపు చూపించింది. "గంత దూరం. మా కింద మంటలు వస్తున్నయి. కెప్టెన్ విడువు, విడువు అని మొత్తుకున్నడు. పడవను విడిచే లివర్ నా చేతిల ఉండె. లాగిన."

బస్సులు వెళుతున్నాయి. వినబడనట్టు ఉంటే బాగుండుననిపించింది.

"చెప్పాలె గద నాన్నా?"

"ఆమె మనసు చల్లవడ్డది. వదిలెయ్యి" అన్నాను. "ఇంట్ల గూడ అనకు."

అది తల ఊపింది. ఊపిందనే అనుకున్నాను.

జూలై 30, బుధవారం

పొద్దున లేచేసరికి స్నేహ లేదు. మంచం మీద చీటీ ఉంది. "తాండూరు పోతున్న. నా ఎన్క రావొద్దు."

జయమ్మ చీటీ చదివి నన్ను చూసింది. మూడు రోజుల కిందట వచ్చిన పిల్ల, తలుపు వేస్తే భయపడే పిల్ల, రైలు పెట్టెలో ఒంటరిగా.  ఈసారి దాచలేదు. లివరు, ఫుట్‌పాత్, నేను వదిలెయ్యమనడం, అన్నీ చెప్పాను. జయమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. డాక్టర్ని పిలవనా అంటే వద్దంది. చీర మార్చుకుని వచ్చి "నడువున్రి" అంది.

తాండూరులో దిగి ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి రెండయింది. బండల ఇల్లు, బండల గోడ. వాకిట్లో ఎండలో స్నేహ కూర్చుని ఉంది. తలుపు మూసి ఉంది. బయట మంచం మీద కట్టుకాలితో బిచ్చయ్య. మమ్మల్ని చూసి లేవబోయి లేవలేకపోయాడు.

"చెప్పింది సారూ" అన్నాడు. "చెప్పినంక అది లోపటికి పోయి గొండెం పెట్టుకున్నది. పొద్దుట్నుంచి తియ్యలేదు." స్నేహ వైపు చూశాడు. "నేను పొమ్మన్న. ఈ పిల్ల లేస్తలేదు."

లోపల చప్పుడు లేదు. జయమ్మ వెళ్లి తలుపు మీద చెయ్యి పెట్టింది, తట్టలేదు. ఆమె ఏమైనా చేసుకుందేమోనని భయపడ్డాను. బిచ్చయ్య కూడా అదే అనుకుంటున్నాడు. అతని కళ్లు తలుపు మీదే ఉన్నాయి. నేను స్నేహ పక్కన కూర్చున్నాను. అది చేతులు ఒళ్లో పెట్టుకుని ఉంది, కుడి చెయ్యి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని. దాని చెయ్యి తీసుకోవాలనుకున్నాను. తీసుకోలేదు.

ఎండ గోడ దిగింది. అయిదు దాటాక గొండెం తీసిన చప్పుడైంది.

శంకరమ్మ బయటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఎవరినీ చూడలేదు. చేతిలో చెంబుతో నీళ్లు ఉన్నాయి. వంగి చెంబు స్నేహ ముందు పెట్టింది.  మళ్లీ లోపలికి వెళ్లింది. తలుపు మాత్రం వేయలేదు.

స్నేహ చెంబు రెండు చేతులతో ఎత్తి, ఆగకుండా, మొత్తం తాగింది.